సదరు ఊలు మేక

జిల్లా జీవసంపద సంరక్షణ కార్యాలయంలో జీవాలు ఎప్పుడూ లేవు. జీవాలు ఊళ్ళలో ఉండేవి, వాటి కాగితాలు ఆఫీసులో ఉండేవి. ముప్పై ఏళ్ళుగా ఈ ఏర్పాటు వల్ల ఇటు కాగితాలకి గానీ అటు జీవాలకి గానీ ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చిందల్లా ఈ ఏడు ఆషాఢంలో, అదీ సీనియర్ అసిస్టెంటు దమయంతి అల్లిన ఊలు మేక మూలంగా.

దమయంతికి చేతిలో ఊలు సూదులు లేకపోతే తోచదు. తెలిసినవాళ్ళందరికీ స్వెటర్లు అల్లిపెట్టేది. గోదావరి పక్కన ఉక్కపోతలో స్వెటర్లు ఎవరు తొడుక్కుంటారని మాత్రం అడక్కండి. తొడుక్కునేవాళ్ళు లేకపోయినా అల్లించుకునేవాళ్ళకి కొదవ లేదు. అలా మిగిలిపోయిన ఊలు ముక్కల్ని పారేయాలంటే ఆవిడకి ప్రాణం ఒప్పదు. ఈ కొసా ఆ కొసా ముడేసి, రంగు చూడకుండా, అన్నీ కలిపి ఒకే ఉండ చుట్టి దాచేది.

కాకినాడలో ఉన్న కూతురి కూతురు కుందన, ఆరేళ్ళది, పిట్టగోడ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు సిమెంటు కట్టు. కట్టు వేయించుకున్నప్పుడు పిల్ల ఏడవలేదు. కానీ పక్క మంచం మీద ఒకతనికి కట్టు విప్పడం చూసింది. విప్పడం ఏమిటి, గుర్రుమంటూ తిరిగే చిన్న రంపంతో కోయడమే. ఆ రోజునుంచి ఒకటే మాట, తను ఆ రంపాన్ని దగ్గరికి రానివ్వదు, కట్టు జన్మంతా ఉన్నా సరే.

"నీకో మేకపిల్లని అల్లి తెస్తానే," అని ఫోన్లో చెప్పింది దమయంతి. "దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నావనుకో, ఏ రంపమూ ఏమీ చెయ్యదు."

అవతల కాసేపు ఆలోచన నడిచింది. "దానికి ఎండ తగిలితే?"

"టోపీ అల్లుతాను."

"వానొస్తే?"

"నీలం గొంగళి అల్లుతాను."

"మరి చలికాలం?"

"ఎర్ర స్వెటరు, మెళ్ళో మఫ్లరు. ఇంకేమన్నా ఉందా తల్లీ?"

"దాని పేరు బుచ్చి," అని ఫోను పెట్టేసింది కుందన.

రెండు వారాలు భోజనం వేళల్లో ఆఫీసు బల్ల దగ్గరే కూర్చుని దమయంతి బుచ్చిని అల్లింది. తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఎక్కడా తెంపకుండా ఒకటే అల్లిక. నుదుటి మీద పసుపు మచ్చ ఒకటి పడింది. అది కుందనకి నెలల వయసులో అల్లిన మొదటి స్వెటరు తాలూకు ఊలు. ఆ పిల్ల రోజూ వీడియోలో చూసి ఆ మచ్చకే ముద్దు పెట్టుకునేది. కడుపులో కూరడానికి కూడా ఊలు పీచులే సరిపోయాయి. మాటిచ్చిన బట్టలు కూడా అల్లేసరికి ఇంట్లో మూరెడు ఊలు మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే జీవగణన వచ్చింది. ఈసారి అంతా యాప్‌లోనే. జిల్లాలోని ప్రతి కప్పు కిందా ఉన్న జీవాల్ని లెక్కపెట్టాలి, ప్రభుత్వ కార్యాలయాలు కూడా కప్పులే కాబట్టి వాటికీ మినహాయింపు లేదు. ఆఖరి రోజు సాయంత్రం కంప్యూటర్ ఆపరేటరు డేనియలు తమ ఆఫీసు వివరాలు ఎక్కించడానికి కూర్చున్నాడు. జీవాల సంఖ్య దగ్గర సున్నా కొట్టాడు. 'దయచేసి సరైన సంఖ్య నమోదు చేయండి' అంది యాప్. మళ్ళీ సున్నా కొట్టాడు. యాప్ మళ్ళీ దయచేసింది. ఒక్క ఆఫీసు ఆగిపోతే జిల్లా మొత్తం ఎర్రరంగులో కనిపిస్తుంది. గంట అయిదు కావస్తోంది. ఒకటి అని కొట్టాడు, ఫొటో అడిగింది.

"మేడమ్ గారండీ, మీ మేకని ఒక్క ఫొటో తీసుకుంటానండీ. ఈ దిక్కుమాలింది ముందుకెళ్ళట్లేదు."

"తీసుకోవయ్యా, దానికేం భాగ్యం," అని బుచ్చికి టోపీ సర్దింది దమయంతి.

యాప్ కాసేపు గిర్రున తిరిగి ఫలితం చెప్పింది. మేక. ఆడ. నాలుగు నెలలు. ఆరోగ్యం ఉత్తమం. అది చదివి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకుని టీ తాగారు.

పది రోజుల్లో పైనుంచి పన్నెండు అంకెల చెవిపోగు వచ్చింది. చెవికంటే పోగే పెద్దది. దానితోపాటు ఆజ్ఞ కూడా వచ్చింది. సదరు మేక ప్రతిరోజూ పదింటికి కార్యాలయ ఆవరణలో హాజరు వేయవలెను.

దమయంతి ఆ కాగితం పట్టుకుని, డేనియల్ని వెంటబెట్టుకుని జిల్లా అధికారి నరహరిరావు గదిలోకి వెళ్ళింది. నరహరిరావు చెడ్డవాడు కాదు. ఫైళ్ళ మధ్య చాలా కాలం ఉండడం వల్ల మాట కూడా ఫైలులాగే వచ్చేది. ఇంట్లో ఉప్పు తక్కువైతే 'సదరు పప్పు పునఃపరిశీలించవలెను' అంటాడని ఆఫీసులో చెప్పుకునేవారు.

"సార్, అది బొమ్మండీ. మా మనవరాలి కోసం అల్లాను. ఆ పేరు తీసేయిద్దురూ."

"అది బొమ్మ అన్న విషయం నాకు తెలుసు, మీకూ తెలుసు. రికార్డుకి తెలియదు కదండీ దమయంతి గారూ. రికార్డుకి తెలియని విషయం అధికారిగా నాకు తెలియకూడదు."

"పొరపాటున పడిందని రాస్తే సరిపోదాండీ?"

నరహరిరావు డేనియలు వంక చూశాడు. "పేరు తీయడానికి యాప్‌లో మూడే గడులున్నాయండీ," అన్నాడు డేనియలు తల దించుకుని. "అమ్మకం, బదిలీ, మరణం. పొరపాటు అన్న గడి ఇవ్వలేదండీ."

"ఇవ్వరు," అన్నాడు నరహరిరావు, కొంచెం గర్వంగానే. "మన శాఖలో పొరపాట్లు జరగవు."

మేక కాస్తా ప్రభుత్వ మేక అయిపోయింది. సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోదామంటే, అనుమతి లేకుండా జీవాన్ని గేటు దాటించడం అపహరణ కిందకి వస్తుందని గేటు దగ్గర బోర్డే ఉంది. ఆ బోర్డు మీద అక్షరాలు దిద్దించింది దమయంతే. ఇంకో రెండేళ్ళలో రిటైరవ్వాల్సిన మనిషి మేక దొంగ అనిపించుకోవడం ఎలా? ఇంకో మేకని అల్లుదామంటే ఆ ఊలు లేదు, ఆ పసుపు మచ్చ అసలే లేదు. మచ్చ లేని మేకని బుచ్చి అంటే నమ్మే రకం కాదు కుందన.

ప్రభుత్వ సొత్తుని సిబ్బంది కొనకూడదు కాబట్టి అమ్మకం గడి పనికిరాదు. బదిలీ గడి ఉంది కదా అని బదిలీకి అర్జీ పెట్టుకుంది. బదిలీకి ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. పశువైద్యుడు షరీఫ్ వచ్చాడు. మనిషి కాస్త కొంటె. బుచ్చిని అటూ ఇటూ తిప్పి, థర్మామీటరు పెట్టి, గడియారం చూసుకుని, ముఖంలో ఒక్క గీత కదలకుండా రాశాడు. జ్వరం లేదు. అరవడం లేదు. నెమరు వేయుట గమనించబడలేదు. నడవడిక సాత్వికం.

"ప్రయాణానికి పనికొస్తుందని రాసెయ్యండి డాక్టరు గారూ, మీకు పుణ్యముంటుంది," అంది దమయంతి.

"రాసేవాణ్ణే అమ్మా. బరువు దగ్గర వచ్చింది చిక్కు. ఈ వయసు మేక ఎనిమిది కిలోలకి తగ్గకూడదు. మీది నూట ఎనభై గ్రాములు. తీవ్ర బలహీనత కింద పడుతుంది. తూకం పెరిగేదాకా బదిలీకి ఒప్పుకోరు."

మర్నాడు దమయంతికి మెమో వచ్చింది. తమ పర్యవేక్షణలో ఉన్న మూగజీవం ఇంత చిక్కిపోవుటకు గల కారణములు మూడు దినములలో తెలియజేయవలెను. ఆవిడ బాగా ఆలోచించి, 'సదరు మేక పుట్టింది మొదలు ఏమీ ముట్టదు' అని నిజమే రాసింది. జవాబు సంతృప్తికరంగా ఉందని ఫైలు మూశారు.

కుందనకి కట్టు వేసిన అయిదో వారంలో 'ఋతురక్ష' పథకం ఊడిపడింది. ఎండలకూ వానలకూ చలికీ జీవాలు పడుతున్న అవస్థల్ని ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఎవరో గుర్తించారు. ప్రతి జీవానికీ ఋతువుకి తగిన ఉడుపులు ధరింపజేసి ఫొటోలు ఎక్కించాలన్నారు. ఏ జిల్లా చూసినా గేదెలకి టోపీలు నిలవడం లేదు. ఒక ఊళ్ళో దున్నపోతుకి రెయిన్‌కోటు తొడగబోయిన ఉద్యోగి చెరువులో తేలాడట. డేనియలు మాత్రం యాప్ అడిగింది కదా అని బుచ్చికి మూడు జతలూ మార్చి మార్చి మూడు ఫొటోలు తీసి పంపేశాడు. టోపీతో ఒకటి, గొంగళితో ఒకటి, ఎర్ర స్వెటరూ మఫ్లరుతో ఒకటి.

రెండో రోజుకల్లా నరహరిరావుకి ఫోను వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ఋతురక్షలో నూటికి నూరు శాతం సాధించిన ఏకైక ఆవరణ మీదేనని, గురువారం కమిషనర్ గారు స్వయంగా విచ్చేస్తున్నారని. నరహరిరావు లేచి నిలబడి ఫోను విన్నాడు, పెట్టేశాక కూడా కాసేపు అలాగే నిలబడ్డాడు.

"సార్, శుక్రవారం పదకొండింటికి మా పిల్లకి కట్టు విప్పుతారండీ," అంది దమయంతి. "అప్పటికి ఆ మేక నా చేతిలో ఉండాలి. మాటిచ్చాను."

"ఉండాలంటే మూడో గడి ఒక్కటే మిగిలిందండీ. మరణం." నరహరిరావు గొంతు నిజంగానే జాలిగా ఉంది. "కానీ మరణం అంటే శవపరీక్ష విధిగా జరగాలి. పొట్ట కోసి, నాలుగు భాగాలు నాలుగు సీసాల్లో ప్రయోగశాలకి పంపాలి."

దమయంతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊలు ముక్కల మీద ఏడుపేమిటని తన మీద తనకే కోపం వచ్చింది కానీ, అక్కడ సీసాల్లోకి వెళ్ళేది ఊలు కాదు, పిల్లకి తనిచ్చిన మాట.

గురువారం కమిషనర్ గారు విచ్చేశారు. హాల్లో పెద్ద బల్ల, దాని మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద ఎర్ర స్వెటర్లో బుచ్చి. బయట ముచ్చెమటలు పోస్తున్నా చూడ్డానికి బాగుంటుందని చలికాలం జతే ఎంచారు. నరహరిరావు నివేదిక చదివాడు. కమిషనర్ గారు తలాడించి, వంగి, స్వెటరు పైకెత్తి బుచ్చి వీపు మీద చెయ్యేశారు. ఆ చెయ్యి ఆగిపోయింది. ఇక అయిపోయిందనుకుని నరహరిరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఇదంతా ఉన్ని కదండీ!" అన్నారు కమిషనర్ గారు.

"చిత్తం సార్."

"గొర్రెకి ఉన్ని ఉంటుంది. మేకకి, అదీ కోస్తాలో! ఇంతటి విషయం పైకి ఎందుకు నివేదించలేదు?"

దమయంతి ఉండబట్టలేక ముందుకొచ్చింది. "అయ్యా, అది మేక కాదండీ. బొమ్మండీ. ఈ చేతులతో నేనే అల్లానండీ."

కమిషనర్ గారి ముఖం మెత్తబడింది. "చూశారా! పెంపకందారుకి ఉండవలసిన మమకారం ఇది. ఈ చేతులతో నేనే చేశానంటున్నారు. మాతృహృదయం." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మీడియా వాళ్ళవైపు తిరిగి, ఇది అరుదైన జాతి అయివుండుటకు అవకాశం మెండుగా ఉన్నదనీ, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు జీవం గేటు దాటరాదనీ ప్రకటించారు.

సరిగ్గా అప్పుడే దమయంతి చేతిలో ఫోను మోగింది. గోడ పక్కకి వెళ్ళి ఎత్తింది. "అమ్మా, నువ్వు రేపు బుచ్చితో రాకపోతే ఇది కాలు చాపదట," అంది కూతురు. వెనకాలనుంచి కుందన గొంతు వినిపించింది. "అమ్మమ్మ వస్తుంది. ఒట్టేసింది."

దమయంతి ఫోను పెట్టి కళ్ళు తుడుచుకుంటూ వచ్చేసరికి కమిషనర్ గారు అడుగుతున్నారు. "దీని ఉన్ని దిగుబడి ఎంత?"

"పరిశీలనలో ఉంది సార్," అన్నాడు నరహరిరావు, ఏ ప్రశ్నకైనా పనికొచ్చే జవాబు కాబట్టి.

ఆ మాట చెవిన పడగానే దమయంతి ఏడుపు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఉన్ని, దిగుబడి. ముప్పై ఏళ్ళు ఈ ఆఫీసులో ఫైళ్ళు రాసిన మనిషి. మామూలు తెలుగులో నిజం చెబితే ఇక్కడ ఎవరికీ ఎక్కదని ఇప్పటికి తెలిసొచ్చింది. చీర కొంగు సవరించుకుని వాళ్ళ భాషలోకి దిగింది.

"అయ్యా, మనవి. సదరు మేకకు ఉన్ని కోత గడువు ఇప్పటికే మించిపోయి ఉన్నది. ఇంకను జాప్యం జరిగినచో ఆరోగ్యమునకు భంగం వాటిల్లే ప్రమాదం కలదు. కావున తమ సమక్షంలో కోతకు అనుమతి దయచేయగలరు."

కమిషనర్ గారు ఆవిణ్ణి మొదటిసారి గౌరవంగా చూశారు. "కోసిన ఉన్ని ఎవరికి చెందుతుంది?"

షరీఫ్ ఒక అడుగు ముందుకేశాడు. ముఖంలో మళ్ళీ ఒక్క గీత కదల్లేదు. "నిబంధన పద్నాలుగు సార్. జీవం ప్రభుత్వానిదైనా పాలు, గుడ్లు, ఉన్ని పెంపకందారువే. గేటు దాటించడానికి వాటికి అనుమతి అక్కర్లేదు."

"అనుమతించడమైనది," అన్నారు కమిషనర్ గారు. "కత్తెర తెప్పించండి."

"కత్తెర అవసరం లేదండీ. ఇది లాగితే వచ్చే రకం," అంది దమయంతి.

స్వెటరూ మఫ్లరూ విప్పి పక్కన పెట్టింది. తోక కింద దాచిన ముడి విప్పి కొస పట్టుకుని లాగింది. ఊలు సరసరా వచ్చింది. ముందు తోక పోయింది. తర్వాత వెనక కాళ్ళు, ఒకటి తర్వాత ఒకటి. ఆకుపచ్చ, గోధుమరంగు, ఎవరి స్వెటర్లో మిగిలినదో ఊదారంగు, ఒక్కొక్క ముడీ దాటుకుంటూ వస్తుంటే ఆవిడ వేళ్ళ మధ్య ఉండ పెరిగింది. పొట్టలోంచి పీచులు బయటపడగానే షరీఫ్ వాటిని భక్తిగా కాగితంలో పెట్టాడు.

"లోపల కూడా ఉన్నే!" అన్నారు కమిషనర్ గారు. "నొప్పి తెలియని కోత! మేక కిక్కురుమనలేదు, గమనించారా?"

"గమనించబడింది సార్," అన్నాడు నరహరిరావు. ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

ముందుకాళ్ళు పోయాయి, మెడ పోయింది. నుదుటి మీద పసుపు మచ్చ దగ్గరికొచ్చేసరికి దమయంతి చెయ్యి ఆగింది. ఆ ఊలుతో అల్లిన స్వెటర్లో గుప్పెడంత పిల్ల పడుకున్న తీరు కళ్ళముందు మెదిలింది. కళ్ళు గట్టిగా మూసుకుని లాగేసింది. బల్ల మీద పన్నెండంకెల చెవిపోగు టక్కున పడింది.

కమిషనర్ గారు పట్టుగుడ్డ వంక చూశారు. బల్ల కింద చూశారు. "మేక ఏది?"

షరీఫ్ తాపీగా ఉండనీ పీచుల్నీ తక్కెట్లో పెట్టాడు. "కోతకి ముందు మేక బరువు నూట ఎనభై గ్రాములు సార్. కోత తర్వాత ఉన్ని నూట ఎనభై గ్రాములు. దిగుబడి నూటికి నూరు శాతం."

కమిషనర్ గారి ముఖం మెల్లగా వెలిగింది. నూటికి నూరు శాతం అన్న మాట విన్నాక మేక ఎక్కడుందన్న ప్రశ్న ఆయనకి చాలా చిన్నదిగా తోచి ఉండాలి. "ప్రపంచంలో ఏ దేశమూ ఇది సాధించలేదు," అని నరహరిరావు చెయ్యి పట్టుకుని ఊపారు. మూడు జతల బట్టల్నీ చెవిపోగునీ ప్రదర్శనకని అద్దాల పెట్టెలో పెట్టించారు. దమయంతి వాటికోసం నోరెత్తలేదు. ఉండనీ పీచుల పొట్లాన్నీ సంచిలో వేసుకుని గేటు దగ్గర వాచ్‌మన్‌కి చూపించింది. "ఉన్ని," అంది. అతను పుస్తకంలో రాసుకుని సెల్యూట్ కొట్టాడు.

ఇంటికి చేరడంతోనే సూదులు తీసింది. విప్పిన ఊలుకి ఒక మంచి గుణముంది. చివర అల్లింది ఉండ మధ్యకి పోతుంది, మొదట అల్లింది పైకొస్తుంది. అందుకని మళ్ళీ మొదలుపెడితే ప్రతి రంగూ దాని చోట్లోకే వచ్చి కూర్చుంటుంది. పసుపు మచ్చ నుదుటి మీదే పడ్డాక గానీ ఆవిడ వంటింట్లోకి వెళ్ళలేదు.

శుక్రవారం పొద్దున్నే సెలవు చీటీ పంపేసి కాకినాడ బస్సులో కూర్చుని అల్లుతుంటే డేనియలు ఫోన్ చేశాడు. "మేడమ్ గారండీ, పదింటి హాజరుకి ఖాళీ బల్లే ఫొటో తీసి పెట్టానండీ. ఏం చెయ్యను మరి. తీసేసుకుందండీ! కోత అనంతరం విశ్రాంతిలో ఉంది అని పడింది. ఇంకోటండీ, కమిషనర్ గారు ఉత్తర్వు ఇచ్చేశారు. జిల్లాలో ప్రతి మేకకీ నూటికి నూరు శాతం కోత వెయ్యాలంట. మనోళ్ళు కత్తెరలు పట్టుకుని ఊళ్ళ మీద పడ్డారండీ. మేకలన్నీ అరటితోటల్లోకి పారిపోతున్నాయంట."

"పోనీలే, అవన్నా తెలివిగా ఉన్నాయి," అని దమయంతి ఇంకో వరస వేసింది.

ఆసుపత్రి చేరేసరికి పదకొండుకి అయిదు నిమిషాలుంది. బుచ్చికి తల, మెడ, ముందుకాళ్ళు, సగం పొట్ట వచ్చాయి. మిగతాది ఇంకా ఉండలోనే ఉంది, సూదులు పొట్టకే గుచ్చుకుని ఉన్నాయి. మంచం మీద కుందన కట్టున్న కాలిని దుప్పటి కింద దాచుకుని కూర్చుంది. కాంపౌండరు పక్కన రంపం పట్టుకుని విసుగ్గా నిలబడ్డాడు.

"ఇది బుచ్చేనా?" అంది పిల్ల. నుదురు చూసుకుంది. బుచ్చే. "దీని కాళ్ళేవి? బట్టలేవి?"

దమయంతి మంచం అంచున కూర్చుంది. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. ఆ వారమంతా ఆవిడ విన్న అబద్ధాలు చాలు. "ఆఫీసులో దీన్ని పట్టేసుకున్నారే. వదల్లేదు. అందుకని తోక దగ్గర్నుంచి మొత్తం విప్పేసి, ఉండ చేసి తెచ్చేసుకున్నాను. మళ్ళీ అల్లుతున్నాను. బట్టలు కూడా అల్లుతాలే, కొంచెం టైం పడుతుంది."

"మొత్తం విప్పేశావా? తల కూడానా?"

"తల కూడా."

"ఏడిచిందా?"

"దానికేం, అది ఏడవలేదు. నేనే కొంచెం ఏడిచాను."

కుందన సగం మేకని ఒళ్ళోకి తీసుకుని, ముందుకాళ్ళు రెండూ లాగి చూసింది. గట్టిగానే ఉన్నాయి. చాలాసేపు పసుపు మచ్చ మీద వేలితో రాస్తూ కూర్చుంది. కాంపౌండరు గడియారం చూసుకుని, "భయమేస్తోందా పాపా?" అని అడిగాడు.

"బుచ్చిని మొత్తం విప్పేశారండి," అంది కుందన. "మళ్ళీ వచ్చేసింది."

దుప్పటి పక్కకి తోసి కాలు చాపింది. "నాకు కట్టొక్కటే కదా. కొయ్యండి."